దిగని సారథి

వకుళ చేసిన ఆటని ఆడినవాళ్ళంతా మెచ్చుకున్నారు. రెండోసారి ఆడదామని మాత్రం ఎవరూ అనలేదు.

హైదరాబాదులో పేక ఆటలు అచ్చువేసే కంపెనీవాళ్ళు కొందరు కుర్రాళ్ళని కూచోబెట్టి ఆడించి చూశారు. బొమ్మలు బ్రహ్మాండంగా ఉన్నాయన్నారు, రూళ్ళు తేలిగ్గా ఉన్నాయన్నారు. ఆట అయిపోగానే ముక్కలు బల్లమీద వదిలేసి టీలకి లేచిపోయారు. "ఏదో తక్కువైంది మేడమ్. నెలాఖరుకి సరిచేస్తే సరే, లేదంటే మేం ఇంకో ఆట చూసుకోవాలి" అని కంపెనీ ఆయన మర్యాదగానే చెప్పాడు.

వకుళకి ఆ మర్యాదే ఎక్కువ గుచ్చుకుంది. ఎందుకంటే ఆ ఆట పోతే పోయేది ఆట ఒక్కటే కాదు. అది ఆమె తమ్ముడు కిరీటి కట్టిన లోకం.

కిరీటి బొమ్మల కథలు గీసేవాడు. ఉప్పాడ దగ్గర సముద్రం ఊరిని కొరుక్కుతినడం చిన్నప్పట్నించీ చూసినవాడు. అందుకే వాడి కథలో సముద్రం సగం జిల్లాని మింగేసింది. మిగిలిన సగానికి అడ్డంగా ఓ గోడ. ఆ గోడకి కాపలాగా, తాటిచెట్లు మోకాళ్ళదాకా వచ్చేటంత ఎత్తు ఉక్కు మనుషులు. వాటికి భీములని పేరు పెట్టాడు. ఒక్కో భీముడి గుండెల్లో ఒక చిన్న గది, ఆ గదిలో కూచుని దాన్ని నడిపే సారథి. సారథులందరిలోకీ చిన్నవాడు గవ్వడు. వాడికి కిరీటి తన వంకర పన్నే పెట్టాడు.

కిందటి వానల్లో కిరీటి పోయాడు. కిడ్నీలు పాడైపోయాయి. ఆసుపత్రి మంచమ్మీదే చివరి భాగం గీశాడు. అందులో గోడకి గండి పడుతుంది. గవ్వడు తన భీముణ్ణి ఆ గండిలో అడ్డంగా పడుకోబెట్టి, తను లోపలే ఉండిపోతాడు. అందరూ దిగమని అరుస్తారు. వాడు దిగడు.

వకుళ ఆ పేజీలు ఒక్కసారి చూసి బీరువాలో పెట్టేసింది. కథని ఆటగా మార్చేటప్పుడు వాటి జోలికే పోలేదు. వాటి బదులు తనే ఓ రూలు రాసింది. భీముడు కూలితే సారథి దూకేసి, ఆడేవాడి చేతిలోకి తిరిగి వచ్చేస్తాడు. ఇంకో భీముణ్ణి ఎక్కుతాడు. ఆ ఆటలో భీములు పోతాయి, గోడలు పోతాయి, సారథి పోడు. ఎవరేం చెప్పినా మార్చుకుంది గానీ, ఆ రూలు మీద మాత్రం ఈగ వాలనిచ్చేది కాదు.

చివరికి ఆటని అట్టపెట్టెలో సర్దుకుని కాకినాడ బస్సెక్కింది, అబ్బులు మాస్టారి దగ్గరికి.

అబ్బులు మాస్టారు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. బడిపిల్లల కోసం ఆయన చేసిన పేక ఆటలు చాలా ఊళ్ళలో ఇప్పటికీ ఆడతారు. ఆటలు చేయడం నేర్చుకుంటామని వచ్చినవాళ్ళకి జగన్నాథపురంలో ఆయన ఇంటి ముందుగదే బడి. వకుళ ఓనమాలు దిద్దింది అక్కడే. ఆ గదిలో ఒకటే కట్టుబాటు. ముక్కలు పంచాక ఆట చేసినవాళ్ళు నోరెత్తకూడదు. "ఆటతోపాటు నువ్వూ పెట్టెలో కూచుని ఇంటింటికీ వెళ్ళలేవు కదమ్మా" అనేవారు మాస్టారు.

ఏ ఆటయినా ముందు ఆయన భార్య నూకరత్నంగారు ఆడి చూసేవారు. ఆవిడ ఆవలించారంటే ఆ ఆట పని అయిపోయినట్టే. ఆవిడ పోయి రెండేళ్ళు కావస్తోంది. ఇప్పుడు ఎదుటి కుర్చీలో ఎవరు కూచుంటే వాళ్ళతో ఆడుతున్నారు మాస్టారు.

"ఏవమ్మా, తిన్నావా?"

"తిన్నానండి."

"నీ మొహం. తిన్నదానిలాగే ఉన్నావు" అని మాస్టారు అరటిపళ్ళు ముందు పెట్టారు.

వకుళ ఒకటి తిని, వచ్చిన పని చెప్పింది. చెబుతున్నకొద్దీ గొంతులో కాస్త పౌరుషం కూడా వచ్చింది.

"లెక్కల్లో తప్పేమీ లేదండి మాస్టారు. అన్ని రకాలుగానూ చూసుకున్నాను. ఆడేవాళ్ళకే ఓపిక లేదండి."

"అలాగా" అన్నారాయన. "అయితే పంచు."

పంచేముందే రూళ్ళన్నీ చెప్పింది. ఒకరు గవ్వడితో ఆడతారు. రెండోవాళ్ళకి పేరూ బొమ్మా లేని సారథి ముక్క ఇస్తారు. దానిమీద వాళ్ళకి నచ్చిన పేరు రాసుకోవచ్చు. ఇద్దరి ముందూ గోడ ముక్కలు అడ్డంగా, వరసగా ఉంటాయి. ఉప్పెన ముక్క విసిరి అవతలివాళ్ళ భీముణ్ణి కూల్చాలి, గోడని పడగొట్టాలి. మొదట ఎవరి గోడ పడితే వాళ్ళు ఓడినట్టు.

"కుర్రాళ్ళు సినిమా హీరోల పేర్లు రాసుకున్నారండి" అంది, ఖాళీ ముక్కా పెన్సిలూ అందిస్తూ.

ఆమె ముక్కలు పంచుతుండగా మాస్టారు ఆలోచించి, గుండ్రటి అక్షరాలతో నెమ్మదిగా రాశారు. రాసి, తన భీముడి మీద పెట్టారు. వకుళ తలకిందులుగానే చదివింది. నూకరత్నం అని ఉంది.

ఏదో అనబోయింది. కానీ అప్పటికే ముక్కలు పంచేసింది. ఊరుకుంది.

ఆట మొదలైంది. మాస్టారు చకచకా ఆడుతున్నారు, ముక్కని బల్లమీద చప్పుడయ్యేలా కొడుతున్నారు. వకుళ భీముడు ఒకసారి కూలాడు, గవ్వడు ఆమె చేతిలోకి వచ్చేశాడు. మళ్ళీ కూలాడు, మళ్ళీ వచ్చేశాడు. వచ్చిన ప్రతిసారీ వకుళ ఆ ముక్కని మిగతా ముక్కల చాటున దాచుకునేది. మాస్టారు అది చూస్తూనే ఉన్నారు.

తర్వాత వకుళకి పెద్ద ఉప్పెన పడింది, విసిరింది. ఈసారి మాస్టారి భీముడు కూలాడు.

ఆయన భీముడి ముక్కని బోర్లించారు. నూకరత్నం ముక్కని చేతిలోకి తీసుకోలేదు. దాన్ని భీముడి కిందకి జరిపి, అంచులు కలిసేలా సర్ది, చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

వకుళ ఆగలేకపోయింది. ఆ గదిలో మొదటిసారి కట్టుబాటు తప్పింది.

"ముక్క తీసుకోండి మాస్టారు. చేతిలోకి వచ్చేస్తుందండి."

"ఎవరు?"

"సారథి అండి."

"పేరుందిగా."

ఆ పేరు ఆమె నోటెంట రాలేదు. "రూలు అదేనండి. భీముడు కూలగానే దూకేస్తారు" అంది.

"దూకలేదమ్మా" అన్నారు మాస్టారు. "నేను పక్కనే ఉన్నాను."

ఆ తర్వాత ఆట నెమ్మదించింది. మాస్టారు సారథి లేకుండానే, ఉన్నవాటితో ఆడుతున్నారు. ఒక్కో ముక్కకీ చాలాసేపు ఆలోచిస్తున్నారు. చప్పుడయ్యేలా కొట్టడం లేదు. వకుళ ముక్క అందుకోవాలన్నప్పుడల్లా ఆ బోర్లించిన ముక్కల్ని తాకకుండా చెయ్యి చుట్టూ తిప్పి తీసుకుంటోంది. ఇంకొక్క ఉప్పెన వేస్తే ఆయన గోడ పడిపోతుంది. ఆ ముక్క ఆమె చేతిలోనే ఉంది. వెయ్యలేక వేరేది వేసింది. తన ఆట ఆడుతూ తనకి భయం వేయడం అదే మొదలు.

మాస్టారు దయ చూపలేదు. తన వంతు రాగానే ఆఖరి ఉప్పెన తీసి ఆమె గోడ మీద వేశారు. భీముడు కూలాడు. గోడకి నడిమధ్య గండి పడింది.

ఇప్పుడు రూలు ప్రకారం గవ్వడు చేతిలోకి వస్తాడు. గోడ పోతుంది, ఆట పోతుంది, వాడు మాత్రం ఉంటాడు. వకుళ ముక్క తీసి పట్టుకుంది. వంకర పన్ను బయటపెట్టి నవ్వుతున్నాడు వాడు.

పైన ఫ్యాను తిరుగుతోంది. వీధిలోంచి ఐసు బండివాడు అరుచుకుంటూ వెళ్ళిపోయాడు.

"చివర్లో నీళ్ళు అడిగాడండి" అంది వకుళ, ముక్క మీంచి చూపు తిప్పకుండా. "డాక్టర్లు ఇవ్వొద్దన్నారని ఇవ్వలేదు. మళ్ళీ అడిగాడు. సీసా మూత తీసి, మళ్ళీ బిగించేశానండి."

"అడుగుతారమ్మా" అన్నారు మాస్టారు.

"ఇస్తే ఏమయ్యేదండి? ఎలాగూ..."

 

వకుళకి వెక్కిళ్ళు వచ్చాయి. తర్వాత, కూలిన భీముడి ముక్కని పట్టుకుని అడ్డంగా తిప్పింది. తిప్పి, గోడ ముక్కల మధ్య గండిలోకి జరిపింది. సరిగ్గా పట్టింది. ముక్కలన్నీ ఒకే కొలతలో తనే కోసినా, ఇన్నాళ్ళూ ఆ సంగతి ఆమె చూసుకోలేదు.

గవ్వణ్ణి ఆ భీముడి కింద పెట్టింది. వేళ్ళు వెంటనే తీయలేకపోయింది. మాస్టారు తొందరపెట్టలేదు. చివరికి తీసింది.

మాస్టారు ముందుకి వంగి ఆ గోడని ఈ చివర నించి ఆ చివరిదాకా చూశారు. తను వేసిన ఉప్పెన ముక్కని తీసి, తన పక్కకి పెట్టేసుకున్నారు.

"ఇక ఈ గోడని పడగొట్టడం దీని వల్ల కాదు" అన్నారు.

వకుళ బల్లమీద తల పెట్టుకుని, ఆసుపత్రిలో ఏడవని ఏడుపంతా ఏడిచింది. మాస్టారు ఓదార్చలేదు, లేచి వెళ్ళిపోనూ లేదు.

చాలాసేపటికి ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. అలవాటు కొద్దీ పెట్టె దగ్గరికి లాక్కుని, ముక్కలు పోగుచేయబోయింది. గండి దగ్గరికి వచ్చాక చెయ్యి ఆగిపోయింది.

"మళ్ళీ కలిపితే వస్తాడు కదండి?"

"వస్తాడు" అన్నారు మాస్టారు.

"అమ్మగారు కూడా..."

"ఆవిడా వస్తుంది. ముక్కలే కదా." ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. "కలుపుదాంలే అమ్మా. కాసేపు అలా ఉండనీ."