కొండయ్య వేసిన ముడి

చీమలదిబ్బ అడవిలో ఎవరింట్లో పోపు వేగాలన్నా నక్క కొండయ్య గానుగే దిక్కు. ఆ గానుగ తిప్పేది మాత్రం కొండయ్య కాదు, పుల్లన్న అనే ఎద్దు. ఆరేళ్ళుగా అదే గుండ్రటి బాట, అదే కిర్రుకిర్రు. తిరిగి తిరిగి తల తిరగకుండా పొద్దున్నే కొండయ్య అతని కళ్ళకి గంతలు కట్టేవాడు, పని దిగాక విప్పేవాడు. ఆ ముడి కొండయ్య తన పళ్ళతో బిగించేది. దాన్ని విప్పడం ఇంకొకడి తరమయ్యేది కాదు. గంతలు జారితే ఎద్దు ఆగుతుంది, ఎద్దు ఆగితే నూనె ఆగుతుంది అని ఆయనగారి సిద్ధాంతం.

ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉంది. పనిలో దెబ్బ తగిలితే, అది మానేదాకా మేతా మందూ పని చేయించుకున్నవాడే చూడాలి. బంగారంలాంటి కట్టుబాటు. కాకపోతే కొండయ్య లెక్కన కట్టుబాట్లన్నీ పక్కింటివాళ్ళకే.

గానుగ బాటలో ఒకచోట గుంట పడింది. "కొండయ్యగారూ, కాలు దిగబడుతోంది. రెండు తట్టల మట్టి పోయించండి" అని పుల్లన్న మూడుసార్లు చెప్పాడు.

"రేపు చూద్దాంలే" అని కొండయ్య మూడుసార్లూ అన్నాడు.

ఆ రేపు రాకముందే ఒక మధ్యాహ్నం, గానుగలో నువ్వులు సగం నలిగి ఉండగా, పుల్లన్న ముందుకాలు ఆ గుంటలో పడి పుటుక్కుమంది.

కొండయ్య గుండె గుభేలుమంది. ఎద్దు కోసం అనుకునేరు! ఆ కాలు మానేదాకా, మూడు నెలలు, ఎద్దు తినబోయే మేత కోసం. వెంటనే నోట తేనె ఊరింది.

"అయ్యో నా తండ్రీ! లే నాయనా, వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తా. మెల్లిగా నా గొంతు వెంటే రా."

కాడి దించాడు గానీ గంతలు విప్పలేదు. ఎటు తీసుకెళ్తున్నాడో ఎద్దుకి తెలియకూడదుగా మరి! పుల్లన్న పళ్ళ బిగువున నొప్పి ఓర్చుకుంటూ కుంటుకుంటూ నడిచాడు. తీరా నీళ్ళ చప్పుడూ తడిమట్టి వాసనా తగిలేసరికి అతనికి సంగతి తెలిసిపోయింది. ఇది వైద్యుడి గుమ్మం కాదు, కాలవ గట్టు.

"ఇక్కడ పడుకో, ఇప్పుడే..." అంటూ గంతల ముడి మీదికి కొండయ్య వంగాడు. ఇంతలో గేదెల మంద నీళ్ళకొస్తున్న అలికిడి. ముడి విప్పకుండానే కొండయ్య తుర్రుమన్నాడు.

కాసేపటికి మేక సుబ్బులు రొప్పుకుంటూ వచ్చింది. "పుల్లన్న బావా! పని దిగి కాలవకి నీళ్ళకెళ్ళి జారిపడ్డావట కదా? కొండయ్య అడవంతా టముకు వేస్తున్నాడు."

పుల్లన్న కొమ్ములు విదిలించాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్యా? వానాకాలం ముంచుకొస్తోంది. మూడు కాళ్ళతో మేత వెతుక్కోవడమంటే పస్తులతో చావడమే.

"ముందా గంతలు ఆ తుమ్మ మొద్దుకి రాసి ఊడగొట్టుకో బావా."

"వద్దు, ముట్టుకోకు" అన్నాడు పుల్లన్న. "నాకున్న సాక్షి ఇదొక్కటే. రేపు పొద్దున్నే నన్ను ఎలుగు పెద్దమ్మ దగ్గరికి నడిపించు."

ఎలుగు పెద్దమ్మ అంటే అడవి తగవులన్నీ తీర్చే ఎలుగుబంటి. ఆవిడ గొంతు విప్పితే పుట్టలో చీమ కూడా ఆగేది. మర్నాడు గంతలతోనే నిలబడ్డ పుల్లన్నని చూసి, కొండయ్యని అడిగింది.

"ఏరా, ఎలా పడ్డాడు?"

"పని దిగాక పడ్డాడు పెద్దమ్మా. గంతలు నేనే విప్పి పంపా. కాలవ గట్టున చూసుకుని నడవొద్దూ? నాకేం సంబంధం?"

"మరి ఈ గంతలు?"

"నాటకం! తనే కట్టుకున్నాడు!"

పుల్లన్న కిసుక్కున నవ్వాడు. "గిట్టలతో ముడి ఎలా వేస్తారో మీరే నేర్పండి కొండయ్యగారూ."

"అయితే ఈ మేకే కట్టుంటుంది!"

"కోతీ, ఇలా రా. ఆ ముడి విప్పు" అంది పెద్దమ్మ, కొమ్మ మీంచి తగవు చూస్తున్న కోతితో. "ముడి ఊడేదాకా ఎవరూ కదలడానికి వీల్లేదు."

కోతి గోళ్ళతో గీరింది, పళ్ళతో లాగింది, తిట్టింది. ఎండ నడినెత్తికొచ్చింది. ముడి బిగుసుకుందే తప్ప వదల్లేదు. కొండయ్యకి ముళ్ళ మీద కూచున్నట్టుంది.

"ఇంకెంతసేపు? అవతల గానుగలో సగం ఆడిన నువ్వులు కంపు కొడతాయి! తప్పుకోవే" అంటూ వచ్చి, కోరపన్ను ఒక్క మెలిక తిప్పాడు. ముడి సర్రున జారింది.

పుల్లన్న కళ్ళు చికిలించుకుని వెలుగు చూశాడు. మొదట కనిపించింది కొండయ్య మొహమే.

"పని దిగాక పడ్డానన్నారుగా కొండయ్యగారూ. పని అయిపోతే గానుగలో సగం నువ్వులెందుకు మిగిలాయి?"

కొండయ్య తోక ముడిచి వెనక్కి జరిగాడు.

"కోతి పదివేళ్ళకీ లొంగని ముడి నీ ఒక్క పంటికి లొంగిందేమిట్రా?" అంది పెద్దమ్మ. "వేసింది నువ్వే కనక. పుల్లన్న కాలు మానేదాకా పచ్చగడ్డీ తెలగపిండీ వైద్యమూ నీవే. మానాక మళ్ళీ పనిలోకి తీసుకోవాల్సిందీ నువ్వే. నువ్వులు కంపు కొడతాయని తెగ బాధపడ్డావుగా, వెళ్ళి కాడి ఎత్తుకో."

"నేనా? తల తిరుగుతుంది పెద్దమ్మా!"

"అందుకేగా గంతలున్నది" అంది సుబ్బులు.

ఆ సాయంత్రం పుల్లన్న కాలికి కట్టుతో పాకలో పడుకుని, తెలగపిండి తాపీగా నములుతున్నాడు. గుంటని సుబ్బులు అప్పుడే మట్టితో పూడ్చేసింది. ఆ సంగతి కొండయ్యకి మాత్రం ఎవరూ చెప్పలేదు. గంతలు కట్టుకుని, గానుగ మోకు భుజాన వేసుకుని, అడుగు తీసి అడుగు వెయ్యడానికి వణికిపోతున్నాడు.

"పుల్లన్నా! నీ పుణ్యముంటుంది, ఆ గుంట పూడ్చారా లేదా?"

"రేపు చూద్దాంలెండి కొండయ్యగారూ!"

నీతి: ఎదుటివాడి కళ్ళు కట్టి పని చేయించుకునేవాడు, వాడి కాళ్ళకి జవాబు చెప్పుకోవాలి.