పడవలవాళ్ళ విమానం

భూమ్మీద తెలివి అనేది ఒక్క ఇంట్లోనే ఉందనీ, అది తమ ఇల్లేననీ పాలంకి వారి నమ్మకం. నేను కల్పించి చెప్పడం లేదు, వాళ్ళ నోటితో వాళ్ళే అన్నారు. గోదావరి పాయ ఒడ్డున తాతల నాటి నుంచీ పడవలు కట్టే ఇల్లు అది. పెద్దవాడు గవరయ్య, నడిపివాడు నూకరాజు, కడగొట్టువాడు సత్తిపండు. ముగ్గురికీ వండి వార్చే మహాతల్లి గవరయ్య పెళ్ళాం బుల్లెమ్మ.

"ఎవరు ఏ మాట చెప్పినా పొల్లు పోకుండా చేస్తాం చూడు, అదర్రా తెలివంటే!" అని గవరయ్య రోజూ అన్నం ముందు కూర్చుని అనేవాడు. మిగతా ముగ్గురూ "ఆయ్" అనేవాళ్ళు.

సత్తిపండుకి అవతలి ఒడ్డు చలమయ్య గారి కూతురు తులసి అంటే ప్రాణం. తులసికీ వీడంటే ఇష్టమే. ఎందుకో ఆ దేవుడికే తెలియాలి. చలమయ్య మాత్రం ససేమిరా అన్నాడు.

"పడవలో వచ్చేవాడికి నా పిల్లనివ్వను. గాల్లో ఎగిరి రమ్మను, అప్పుడిస్తాను. మాఘమాసం దాటిందా, వేరే సంబంధం ఖాయం చేసేస్తా!"

వదిలించుకోడానికి అన్న మాట అది. వీళ్ళకి ఆ సంగతి తెలిస్తేగా! ఇంకేముంది, విమానం తెప్పించారు.

తెప్పించారంటే రెడీగా ఎగిరేది కాదు. పెట్టెల్లో ముక్కలు ముక్కలుగా వస్తుంది, మనమే బిగించుకోవాలి. ఇద్దరు పట్టే బుల్లి విమానం. విమానాల షెడ్డులో పనిచేసి రిటైరైన సుందర్రావు గారని కాకినాడలో ఉంటే, వెళ్ళి ఆయన కాళ్ళు పట్టుకున్నారు. ఆయన జాలిపడి, "సరే, వచ్చి చూస్తూ ఉంటాను. నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యండి" అన్నాడు. పాపం, ఆ ఒక్క ముక్క అనకుండా ఉండాల్సింది.

విమానం ఒళ్ళంతా బిగించాక ఆయన చెప్పాడు, "ఎక్కడా కారకూడదు. బాగా చూసుకోండి." ఆయన ఉద్దేశం పెట్రోలు ట్యాంకు.

"కారడం గురించి మనకా చెప్పేది!" అని గవరయ్య మీసం దువ్వాడు. పడవకి చేసినట్టే విమానం సందుల్లో నార కుక్కారు, గుగ్గిలం పూశారు, పైదాకా నీళ్ళు నింపారు. సుందర్రావు గారు వచ్చి తలుపు తీశాడు. అంతే! నీళ్ళూ ఆయనా కలిసి పెరట్లో ఉన్న అరటిచెట్ల దాకా వెళ్ళారు.

"ఏమిట్రా ఇది!" అన్నాడాయన, లుంగలు చుట్టుకుపోయి.

"మీరు తలుపు తీశారు గానండీ, లేకపోతే చుక్క కారలేదండి" అన్నాడు నూకరాజు గర్వంగా.

ఆయన చొక్కా పిండుకుని, "ఆ గుగ్గిలంతో బరువు పెరిగిపోయింది. గీకెయ్యండి. అక్కర్లేనివన్నీ తీసెయ్యండి" అని చెప్పి వెళ్ళాడు. మళ్ళీ వచ్చేసరికి విమానం పొట్ట నేలకి ఆనించి పడుకుని ఉంది.

"చక్రాలేవిరా?"

"గాల్లో చక్రాలెందుకండీ? అక్కడ రోడ్డు లేదు కదా" అంది బుల్లెమ్మ. "బ్రేకులు కూడా తీసేశామండి. ఎగరాలనుకునేవాళ్ళం, ఆగడం దేనికండీ?"

ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. చక్రాలు మళ్ళీ పెట్టించాడు. రెక్కలు బిగించాక, "వీటి మీద ఇసుక బస్తాలు వెయ్యండి. విరక్కపోతే నమ్మొచ్చు" అన్నాడు.

వేశారు. విరగలేదు. అక్కడితో ఊరుకుంటే పాలంకి వారెందుకవుతారు? "విరక్కపోతే నమ్మమన్నారు. విరిగేదాకా వేస్తే గానీ విరగదని ఎలా తెలుస్తుంది?" అన్నాడు గవరయ్య. అబ్బో, ఎంత తెలివి! ఇంకా బస్తాలు వేశారు. ధాన్యం బస్తా వేశారు. రోలు పెట్టారు. అయినా విరగలేదు. చివరికి బుల్లెమ్మ ఎక్కి కూర్చుంది. ఫెళ్ళుమంది.

"హమ్మయ్య, మీ వదిన ఎక్కేదాకా ఆగుతుందన్నమాట" అని తేల్చాడు గవరయ్య. బుల్లెమ్మ నడుం పట్టుకుని లేస్తూ, మొగుడి తెలివికి మురిసిపోయింది.

కొత్త రెక్క వచ్చింది. సుందర్రావు గారు ఈసారి ఎటూ వెళ్ళకుండా పక్కనే మంచం వేసుకుని కూర్చున్నాడు. వాళ్ళు ఒక మరమేకు బిగించాకే రెండో దాని సంగతి చెప్పేవాడు. అలా చేస్తే కుదిరింది. ఏమాటకామాటే, వాళ్ళ చేతుల్లో పనితనం ఉందండీ. విమానం ముద్దొచ్చేలా తయారైంది. సత్తిపండుకి నడపడం కూడా ఆయనే నేర్పాడు. పక్కన కూర్చుని చెబుతుంటే కుర్రాడు శుభ్రంగా ఎగిరాడు, శుభ్రంగా దిగాడు.

మాఘమాసంలో ఆఖరి ముహూర్తం వచ్చింది. అవతల చలమయ్య ఇంటి ముందు పందిరి వేశారు. సత్తిపండు రాకపోతే అదే పందిట్లో ఇంకో సంబంధం వాళ్ళకి తాంబూలాలు ఇచ్చేస్తాడట. తులసి పొద్దున్నించీ మెతుకు ముట్టలేదు.

సుందర్రావు గారు ముందుగా అవతలి ఒడ్డుకి వెళ్తూ సత్తిపండు భుజం తట్టాడు. "ఒక్కడివే నీళ్ళు దాటుతున్నావు నాయనా. జాగ్రత్త కోసం విమానం కింద పడవ ఉండాలి. పడవ లేకుండా నీళ్ళ మీదకి వెళ్ళొద్దు."

"ఆయ్" అన్నారు ముగ్గురూ. ఇంకేముంది! పెద్ద నావ ఒకటి లాక్కొచ్చి, విమానాన్ని ఎత్తి దాని మీద కూర్చోబెట్టారు. లోపల పెళ్ళికొడుకు బాసికం కట్టుకుని కూర్చున్నాడు. అన్నలిద్దరూ నావలో అటొకరు ఇటొకరు నిలబడి గడలు అందుకున్నారు. సత్తిపండు ఇంజను వేశాడు.

ముందున్న ఫ్యాను గిర్రున తిరిగింది. అంతే, గడ వెయ్యాల్సిన పనే లేకపోయింది! నావ నీళ్ళు చీల్చుకుంటూ బాణంలా దూసుకుపోయింది. నూకరాజు తలపాగా ఎగిరిపోయింది. గవరయ్య నావ అంచు కరుచుకుని "ఓరి బాబో! ఓరి బాబో!" అని అరుస్తూనే ఉన్నాడు. నావ వెళ్ళి అవతలి ఇసుకలో దబ్బున దిగబడింది. నావ ఆగింది గానీ విమానం ఆగలేదు. జర్రున జారి గాల్లోకి లేచి, ఏటిగట్టు దాటి, పందిరి మీదుగా ఒక చుట్టు కొట్టి, కోత కోసిన చేలో చక్కగా దిగింది.

గట్టు అడ్డం కదా, పందిట్లో వాళ్ళకి నావ కనబడలేదు. గాల్లోంచి వచ్చిన పెళ్ళికొడుకే కనబడ్డాడు. జనం ఈలలు వేశారు. సుందర్రావు గారికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తులసి ఒక్క ఉదుటున గుమ్మంలోకి వచ్చేసింది. చలమయ్యకి ఇష్టం లేదు. అయినా మాటంటే మాటే. "ఎగిరొచ్చావు అల్లుడూ, పిల్ల నీదే" అని తాంబూలం పళ్ళెం అందించబోయాడు.

"ఆగండాగండి!" అని కేక వినబడింది. గవరయ్యా నూకరాజూ చెమటలు కక్కుకుంటూ, చేలోంచి నావని ఈడ్చుకొస్తున్నారు. అందరూ చూస్తుండగానే విమానాన్ని ఒక్క పట్టున ఎత్తి, కింద నావ దోపేశారు.

"తప్పు మాదేనండీ" అన్నాడు గవరయ్య సుందర్రావు గారి వైపు చేతులు జోడించి. "దారంతా పడవలోనే వచ్చాడండి మావాడు. చివర్లో కాస్త పొరపాటున ఎగిరాడు. ఇదిగో, ఇప్పుడు సరిచేశాం. చూసుకోండి, పడవలోనే ఉన్నాడు."

"ఆయ్" అన్నాడు సత్తిపండు లోపల్నుంచి.

చలమయ్య పళ్ళెం వెనక్కి లాక్కున్నాడు. సుందర్రావు గారు తువ్వాలు మొహాన కప్పుకున్నాడు.

అప్పుడు నవ్వింది తులసి. పొట్ట పట్టుకుని, కళ్ళల్లోంచి నీళ్ళు కారేలా నవ్వింది. "పళ్ళెం ఇటివ్వు నాన్నా. నీ మాట ప్రకారం గాల్లోంచే దిగాడు, నువ్వు నీ కళ్ళతో చూశావు. వీళ్ళని చూడు, గెలిచాక కూడా అబద్ధం చెప్పడం చాతకాలేదు. ఈ ఇంటికి కావాల్సిందల్లా సరిగ్గా చెప్పే మనిషి. ఆ మనిషి నేనవుతాను" అంది.

చలమయ్య కూతురి మొహం చూశాడు. పళ్ళెం ఇచ్చేశాడు.

తులసి కొంగు దోపుకుని, కొత్త కోడలి హోదాలో మొట్టమొదటి మాట చెప్పింది. "ముందు ఆ పడవ లాగెయ్యండి బావగారూ."

"ఆయ్" అన్నారు బావలిద్దరూ. చెరో పక్కా పట్టి ఒక్క లాగు లాగేశారు. విమానం ధబీమని పక్కనే ఉన్న పెంటకుప్పలోకి ముక్కు గుచ్చుకుంది. తోక ఆకాశంలో, పెళ్ళికొడుకు పేడలో.

"విమానాన్ని దించకుండానా!" అని గుండెలు బాదుకుంది తులసి.

గవరయ్య నొచ్చుకున్నాడు. "అది నువ్వు చెప్పలేదు కదమ్మా" అన్నాడు.