మలుపు దగ్గర నీళ్ళు

ఎగువన అద్దకం తొట్ల నుంచి వదిలిన నీళ్ళు కలిసి ఏరు నీలంగా మారింది. చేపలు వెల్లకిలా తేలాయి. ఆ నీళ్ళు తాగి కాపరుల మేకలు చచ్చాయి.

నూరుద్దీన్ బాబా శిష్యుడు ఇమాంవలి చూస్తూ ఊరుకోలేకపోయాడు. అద్దకం వీధికి వెళ్ళి అందరినీ పేరుపేరునా తిట్టాడు. వాళ్ళ పెద్ద ఓబులేసు నవ్వాడు.

"నీళ్ళు పల్లానికి పోక మిట్టకు పోతాయా? పో ఫకీరూ, పోయి నమాజు చేసుకో."

ఇమాంవలి రగిలిపోతూ ఆశ్రమానికి తిరిగొచ్చాడు.

"వాళ్ళు మాటలకు లొంగరు బాబా. సెలవివ్వండి. మనవాళ్ళను తీసుకుపోయి తొట్లన్నీ పగలగొట్టి వస్తాను."

బాబా జపమాల పక్కన పెట్టాడు. "ముందు ఏటి మలుపు దగ్గర కుండెడు నీళ్ళు ముంచుకురా."

మలుపు ఆశ్రమానికి దిగువన ఉంది. ఆశ్రమానికి కొండ ఊట నీళ్ళు ఉన్నాయి కాబట్టి ఇమాంవలికి ఎన్నడూ అటు పోయే పని పడలేదు.

అక్కడ ఒక ముసలామె ఇసుకలో చెలమ తవ్వుకుంటోంది. ఆమె పక్కనే, ఆశ్రమం వంటశాల నుంచి కొట్టుకొచ్చిన కుళ్ళిన మెతుకులు, జిడ్డు తెట్టె, కందూరు విందుకు కోసిన పొట్టేళ్ళ పేగులు. వాటి మీద ఈగలు ముసురుతున్నాయి.

"ఆ నీళ్ళు ముంచుకోవద్దు నాయనా," అందామె. "నీలిరంగు నిన్న మొన్న వచ్చింది. ఈ కంపు మాకు ఎప్పట్నుంచో ఉండేదే. మీరు కిందికి రారు కదా, మీకు తెలీదు."

ఇమాంవలి ఖాళీ కుండతో తిరిగొచ్చాడు. బాబా వంటశాల వెనక గడ్డపారతో గుంత తవ్వుతున్నాడు.

ఇమాంవలి కుండ దించి, గడ్డపార అందుకున్నాడు.

కొన్నాళ్ళకు కడుగునీళ్ళు ఇసుకా బొగ్గూ నింపిన గుంతల్లో వడిసి అరటిచెట్లకు పారసాగాయి. ఎంగిలి ఎరువుదిబ్బకు చేరింది.

"ఇప్పుడు ఎగువకు పోనా బాబా? వాళ్ళకు ఏం చెప్పమంటారు?"

"చెప్పొద్దు. గుంత ఎక్కడ తవ్వాలో అడుగు."

మరునాడు ఇమాంవలి గడ్డపారతో తొట్ల దగ్గరకు వస్తే ఓబులేసు నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డాడు.

"మళ్ళీ తిట్టడానికొచ్చినావా?"

"లేదన్నా. మా వంటశాల మురికి కూడా ఏట్లోకే వదిలినాం. ఈ మధ్యే గుంతలు తవ్వి ఆపినాం. ఇక్కడ గుంత ఎక్కడ తవ్వమంటావు?"

ఓబులేసు ఈసారి నవ్వలేదు. తొట్ల వెనక చోటు చూపించాడు. ఎండ నెత్తికెక్కే వేళకు తట్ట తెచ్చి మన్ను ఎత్తిపోయసాగాడు.

"అడుగున బంకమన్ను మెత్తాల," అన్నాడు కాసేపటికి. "లేకుంటే రంగు బావుల్లోకి దిగుతుంది. నీళ్ళు ఎండకు ఇగిరిపోతే మడ్డి మనం ఎత్తేసుకోవచ్చు."

సాయంత్రం ఇమాంవలి బొబ్బలెక్కిన చేతులతో బాబా ముందు కూలబడ్డాడు.

"వీధి నిండా తొట్లే బాబా. చెయ్యి కలిపింది ఒక్కడు. ఏరు ఎప్పటికి తేటపడేను?"

"తేటపడడం ఏటి పని," అన్నాడు బాబా. "తవ్వడం మన పని."