కుడితి తొట్టి ఎక్కిన మహారాజు

ఒకానొక రాజ్యంలో ఏరు పెద్దది. ఆ రాజ్యాన్నేలే ప్రచండవర్మ మహారాజుగారి గొప్ప అంతకన్నా పెద్దది. ఆయనకు ముద్రలు వేయడమంటే మహా సరదా. ఇల్లు గానీ ఎద్దు గానీ పడవ గానీ, ఏది అమ్మాలన్నా రాజముద్ర వేసిన తాటాకు పత్రం ఉండి తీరాలని శాసనం చేశాడు. రాణిగారి ముక్కుపుడకకు సైతం పత్రం ఉందని జనం చెప్పుకునేవారు.

ఏటి రేవులో నూకాలు అనే ముసలమ్మ పడవ నడిపేది. మొగుడు పోయాక ముప్పై ఏళ్లు ఆ పడవే ఆమెకు కూడు పెట్టింది. ఇప్పుడు భుజాలు పట్టేసి తెడ్డు ఎత్తలేకపోతోంది. అవతలి ఒడ్డు మంగయ్య రెండు పాడిగేదెలిచ్చి పడవ తీసుకుంటానన్నాడు. పాలమ్ముకుని బతకొచ్చని నూకాలు సంబరపడింది. తీరా గేదెలు రేవుకు వచ్చే వేళకు రాజభటులు అడ్డుపడి, ఆమెను సభకు లాక్కుపోయారు.

"పడవకు పత్రమేదీ?" అని రాజు గర్జించాడు.

"లేదు మారాజా. అది మా మామ చేసిన పడవ. ఆయనకు పడవ చెయ్యడం వచ్చు గానీ రాయడం రాదు."

"అది నీదని రుజువేమిటి?"

"ముప్పై ఏళ్లుగా అందులో ఊరే నీళ్లు తోడిపోస్తున్నాను. పరాయివాళ్ల పడవలో నీళ్లెవరు తోడతారు దొరా?"

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజుకు ఒళ్లు మండిపోయింది. మీసం దువ్వి, "మా ముద్ర లేనిది పడవే కాదు!" అని తీర్పు చెప్పేశాడు.

గేదెలు కళ్లముందే వెనక్కి మళ్లిపోతున్నట్టనిపించింది నూకాలుకు. అయినా నోరు ఊరుకోలేదు.

"పడవ కాకపోతే మరేంటి మారాజా?"

"ఏదైతే మాకేం? గేదెల కుడితి తొట్టి అనుకో!"

ఆ మాట వినగానే ముసలమ్మ కళ్లు మెరిశాయి. చేతులు జోడించింది. "ఆ ముక్కే రాయించి ముద్ర వేసి ఇప్పించండి దొరా. రేపు ఇంకో భటుడొచ్చి పడవంటే నేనేం చెప్పుకోను?"

ముద్ర అనేసరికి రాజుకు ప్రాణం లేచొచ్చింది. 'రేవులో ఉన్నది పడవ కాదు, నూకాలు తాలూకు కుడితి తొట్టి' అని రాయించి, స్వయంగా ముద్ర గుద్దాడు.

ఆ సాయంత్రమే నూకాలు రాజముద్ర పత్రంతో సహా తన 'తొట్టి'ని మంగయ్యకు అమ్మేసి, గేదెల్ని ఇంటికి తోలుకుపోయింది. మర్నాటి నుంచి ఆ తొట్టి జనాన్నెక్కించుకుని ఏరు దాటసాగింది.

సంగతి తెలిసి రాజు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. బంగారు పూత పూసిన హంసపడవ ఎక్కి, ముసలిదాని పని పట్టడానికి బయల్దేరాడు. ఏటి నడుమ హంస ఇసుకమేటకు గుద్దుకుని అడుగు చిట్లింది. ఎగువన వాన పడ్డట్టుంది, ఎర్రనీరు ఉరుకుతూ వస్తోంది. తెడ్లవాళ్లు దూకి ఈదుకుంటూ పోయారు. రాజుకు ఈత రాదు.

సరిగ్గా ఆ సమయానికి అదే తొట్టిలో, గడ్డి కోసం అవతలి ఒడ్డుకు పోతూ నూకాలు, తెడ్డు వేస్తూ మంగయ్య అటుగా వచ్చారు.

"పడవా! ఓ పడవా!" అని రాజు కేకపెట్టాడు.

నూకాలు అటూ ఇటూ చూసింది. "ఈ చుట్టుపక్కల పడవలేవీ లేవు మారాజా. ఇది కుడితి తొట్టి."

"అబ్బబ్బ, పడవేలే! మేమే అంటున్నాంగా!"

"నోటిమాటకు ముద్ర చెరుగుతుందా దొరా? అయినా తొట్టి దగ్గరికి గేదెలు రావాలి గానీ, మహారాజులు రావడమేంటి, అపచారం!"

నీళ్లు రాజుగారి మోకాళ్ల దాకా వచ్చాయి. పట్టుపంచె తేలుతోంది. అటు చూస్తే ఎర్రనీరు, ఇటు చూస్తే బోసినోటి నవ్వు.

"ఓసి నా తల్లీ! ఈ పూటకి నేను గేదెనే, ఎక్కించు!"

ఆ మాట తన నోటనే వచ్చినందుకు రాజుకే నవ్వొచ్చింది. తొట్టిలోకి ఎక్కి చతికిలబడి, ఒడ్డు చేరేదాకా పొట్ట పట్టుకుని నవ్వాడు. మంగయ్య మాత్రం తాను నవ్వవచ్చో కూడదో తెలియక తల వంచుకుని తెడ్డు వేశాడు.

ఒడ్డున దిగగానే రాజు, పాత పడవలకు పత్రాలడగొద్దని ఆజ్ఞ ఇచ్చాడు. చేతి కంకణం తీసి నూకాలుకిచ్చి, "ఇంత తెలివి పెట్టుకుని ఇక్కడెందుకే? సభకు రా, మంత్రిని చేస్తాను" అన్నాడు.

"వద్దు దొరా," అంది నూకాలు, కంకణం కొంగున ముడేసుకుంటూ. "తమ సభలో పొద్దస్తమానం తలలూపాలి. నా గేదెలూ తలలూపుతాయి గానీ, అవి పాలైనా ఇస్తాయి."

రాజు మళ్లీ పకపకా నవ్వాడు. ఒడ్డున ఎదురుచూస్తున్న మంత్రులందరూ, ఎందుకైనా మంచిదని, తలలూపారు.