మల్కయ్య కొట్టిన దరువు

అనగనగా, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాలలో ఊగే రోజుల్లో, ఓ ఊరి చివర మల్కయ్య అనే డప్పులు కట్టేవాడు ఉండేవాడు. అతనికి ఒక్కతే కూతురు, నీలవ్వ.

డప్పు మోత చెడితే మల్కయ్య ముందు చెవి పెట్టి వినేవాడు. చెమ్మ పట్టి మోత జారితే మంట దగ్గర కాచేవాడు. కాక ఎక్కువై గీపెడితే నీళ్లు చిలకరించేవాడు. తోలు చిరిగి తడబడితే విప్పి మళ్లీ కట్టేవాడు. చెమ్మ పట్టినదానికి నీళ్లు కొడితే ఇక పలకదని అతనికి తెలుసు.

ఆ ఊళ్లో ఓ వైద్యుడు. మంచివాడే, కానీ డప్పులవాళ్ల వాడలో ఎవరి చెయ్యీ పట్టి చూసేవాడు కాదు. ఆ రోజుల్లో ఆచారం అలా ఏడ్చింది. గుండెలో తేడాగా ఉందంటే చాలు, దూరంగా నిలబడి అందరికీ ఒకటే కషాయం ఇచ్చేవాడు. అది గుండె వేగాన్ని తగ్గించే కషాయం.

నీలవ్వ కళ్లు తిరిగి పడిపోవడం మొదలైంది. మల్కయ్య ఆమె గుండె మీద అరచెయ్యి పెట్టి చూశాడు. గుండె ఒకసారి కొట్టి, ఆగి, మళ్లీ కొడుతోంది. భయపడి వైద్యుణ్ణి పిలుచుకొచ్చాడు. ఆయన దూరం నుంచే ఆ కషాయం ఇచ్చాడు.

"అయ్యా, నా బిడ్డ గుండె ఉరుకుతలేదు, ఆగుతుంది. ఒక్కపారి చెయ్యి పెట్టి చూడుండ్రి," అన్నాడు మల్కయ్య. వైద్యుడు వినలేదు. రెండో రోజూ అదే మాట అడిగాడు. వినలేదు. మూడో రోజు కాళ్ల మీద పడబోతే వైద్యుడు వెనక్కి జరిగి, డప్పులు కట్టేవాడికి గుండె సంగతి ఏం తెలుసని కసిరాడు. పెద్దవాడి మాట కాదనలేక మల్కయ్య మూడు రోజులూ తన చేత్తోనే కషాయం తాగించాడు. మూడో రోజు పొద్దుగూకే వేళ, అతని అరచేతి కిందే ఆ గుండె ఆగిపోయింది.

ఆ ఊళ్లో ఎవరి పాడె లేచినా డప్పు కొట్టాల్సింది మల్కయ్యే. బిడ్డ పాడె ముందూ అతనే నడిచాడు. కానీ చావు దరువు కొట్టలేదు. ఒక దెబ్బ కొట్టి ఆగాడు. ఇంకో దెబ్బ కొట్టి ఇంకాస్త ఎక్కువసేపు ఆగాడు. మూడో దెబ్బ తర్వాత ఇక కొట్టలేదు.

దారి పక్కన నిలబడిన వైద్యుడు ఇదేం దరువని అడిగాడు.

"నా బిడ్డ గుండెది, అయ్యా. మీరు వినలే గదా."

ఆగుతున్న గుండెను తానే పూర్తిగా ఆపానని వైద్యుడికి అప్పుడు తెలిసింది. ఆ దుమ్ములోనే కూలబడి ఏడ్చాడు.

ఆ తర్వాత ఆయన వాడవాడకూ వచ్చి చెయ్యి పెట్టి చూశాడు. పరుగెత్తే గుండెకో మందు, మందగించే గుండెకో మందు, తడబడే గుండెకో మందు ఇచ్చాడు. పక్కన మల్కయ్య కూర్చుని వినేవాడు. ఎందరో బతికారు. నీలవ్వ మాత్రం తిరిగి రాలేదు. మల్కయ్య పోయిన రోజున పాడె ముందు డప్పు పట్టుకుని నడిచింది ఆ వైద్యుడేనట.

ఇప్పటికీ ఆ వైపు ఊళ్లలో గుండె మందు ఇచ్చేవాళ్లు ముందు చెయ్యి పెట్టి విని, తాము విన్న దరువును గడప మీద వేలితో కొట్టి చూపిస్తారు. మరిచిపోతే ఇంట్లో ముసలమ్మలు ఊరుకోరు.

"మల్కన్న మూడుసార్లు అడిగిండు, బిడ్డా. మాతోని ఒక్కసారి కూడా అడిగించుకోకు," అంటారు.