రాలిన జువ్విపళ్ళు

ఎర్రగుట్టల అడవిలో ఒక వాగు ఉండేది. వాగు ఒడ్డున పెద్ద జువ్విచెట్టు, దాని మీద కొండముచ్చుల గుంపు, దాని కింద చుక్కల దుప్పుల మంద. ఆ గుట్టల్లోనే ఒక చిరుత కూడా ఉండేది. దాని ఊసు ఎవరూ ఎత్తేవారు కాదు. అలాగని ఎవరూ మరిచిపోయేవారూ కాదు.

కొండముచ్చులన్నిటిలోకీ పెద్దది బూడిదమ్మ. చిటారు కొమ్మన కూర్చుని కాపలా కాయడం దాని పని. ఆ ఏడు ఎండలు మండిపోయాయి. బూడిదమ్మ కళ్ళు మసకబారాయి, నడుము పట్టేసింది. అయినా కొమ్మ దిగేది కాదు. దాని మనవరాలికి ఈమధ్యే బిడ్డ పుట్టింది. ఆ చంటిది ఇంకా తల్లి పొట్ట పట్టుకుని వేలాడుతోంది. ముసలిదానికి ఇంక కుదురెక్కడిది?

కొండముచ్చులు తినే తీరు మీకు తెలుసుగా, పిల్లలూ! సగం కొరుకుతాయి, సగం పారేస్తాయి. ఆకులు, లేత కొమ్మలు, ఎంగిలి పళ్ళు టపటపా కింద పడేవి. దుప్పులు అవి ఏరుకుని తినేవి. గడ్డి మాడిపోయిన వేసవిలో వాటికి అదే పెద్ద మేత.

గుంపుకి నాయకుడు తోకరాయుడు. వయసులో ఉన్నాడు, బలమున్నవాడు. ఇక ఆ తోకంటే వాడికి ఎంత మురిపెమో చెప్పలేం. అడవిలో ఇంత పొడుగు తోక ఇంకెవరికీ లేదని రోజూ ఎవరో ఒకరి చేత అనిపించుకునేవాడు.

ఒకరోజు వాడు కిందకి చూసి మండిపడ్డాడు. "మనం చెట్టెక్కి కోసేది, వాళ్ళు కూర్చుని మేసేదీనా? ఇవాళ్టి నుంచి ఒక్క ఆకు కూడా కింద పడడానికి వీల్లేదు!"

బూడిదమ్మ మెల్లగా అంది. "నాయనా, దూరంగా కదిలేదాన్ని నేను చూస్తాను. గడ్డిలో కదలకుండా నక్కినదాన్ని వాసన పట్టేది ఆ దుప్పులే. అవి అరిచాకే ఎన్నోసార్లు నేను అటు చూశాను."

"నీకు చూపు ఆనక దుప్పుల పేరు చెబుతున్నావు అవ్వా," అని నవ్వాడు తోకరాయుడు.

బూడిదమ్మకి ఆ మాట చివుక్కుమనిపించింది. వాదించే ఓపిక లేక మళ్ళీ గడ్డి వైపు చూపు తిప్పుకుంది.

దుప్పులు కొన్నాళ్ళు తలలెత్తి చూశాయి. పైనుంచి ఏమీ రాలలేదు. వాటి పెద్ద చుక్కమ్మ ఒక ఉదయం మందని వెంటబెట్టుకుని గుట్ట దాటి వెళ్ళిపోయింది. పోతూ పోతూ చెట్టు వైపు ఒకసారి తిరిగి చూసింది. బూడిదమ్మ పిలుద్దామనుకుంది. ఏం పెట్టి పిలుస్తుంది?

ఆనాటి నుంచి దానికి నిద్ర లేదు. ఇదివరకు కింద దుప్పులు తాపీగా నెమరువేస్తుంటే తనూ కాసేపు కన్ను మూసేది. ఇప్పుడు కింద అంతా నిశ్శబ్దం. ఎండుటాకు కదిలినా ఉలిక్కిపడేది. చూసి చూసి కళ్ళు మంటలెత్తాయి. ఎండిన గడ్డి, చిరుత ఒళ్ళు ఒకే రంగులో ఉంటే ఆ ముసలి కళ్ళు మాత్రం ఏం చేస్తాయి?

ఒక మిట్టమధ్యాహ్నం గుంపు నీళ్ళకి దిగింది. తోకరాయుడు తోక బారుగా చాచుకుని తాగుతున్నాడు. పక్కనే బిడ్డతో బూడిదమ్మ మనవరాలు. గడ్డిలోంచి చిరుత ఒక్కసారిగా దూకింది. తల్లి బిడ్డని పొట్టకి అదుముకుని ఎగిరి కొమ్మ పట్టుకుంది. చిరుత పంజా బిడ్డ వీపుని తాకీ తాకనట్టు పోయింది. ఆ వెంటనే దాని నోటికి తోకరాయుడి తోక దొరికింది.

వాడు పెనుగులాడి చెట్టెక్కాడు. తోక మాత్రం సగమే ఎక్కింది.

బూడిదమ్మ చిటారు నుంచి కింది కొమ్మకి దిగి వచ్చి చంటిదాన్ని ఒడిలోకి తీసుకుని ఏడ్చింది. "నా ఎదురుగానే ఉందే తల్లీ, నేను చూడలేకపోయాను," అంది. తోకరాయుడు తల దించుకున్నాడు.

మర్నాడు వాడే చివరి కొమ్మకి వెళ్ళి, పళ్ళగుత్తులు తెంపి కింద పడేశాడు. ఆ మర్నాడూ పడేశాడు. పళ్ళు కింద పడి ఎండిపోయాయి, చీమలు పట్టాయి. వాడు మానలేదు. చివరికి గాలివాటుకి ఆ వాసన గుట్ట దాటింది కాబోలు, ఒక సాయంత్రం చుక్కమ్మ మందతో తిరిగి వచ్చింది. దాని డొక్కలు లోపలికి పోయాయి.

"అక్కడ మేత లేదా అమ్మా?" అని అడిగింది బూడిదమ్మ.

"మేత ఉంది అవ్వా. పైన ఎవరూ లేరు. తల వంచి ఒక్క పూట నిమ్మళంగా మేయలేదు. మెడ ఎత్తి ఎత్తి అలసిపోయాను," అంది చుక్కమ్మ.

"నేనూ అంతే తల్లీ," అంది బూడిదమ్మ.

కింద దుప్పులు పళ్ళు నములుతున్న చప్పుడు మొదలైంది. చంటిదాన్ని ఒడిలో పెట్టుకుని ఆ చప్పుడు వింటూ వింటూ, ఎన్నాళ్ళకో, బూడిదమ్మ నిద్రపోయింది.

నీతి: మనం వదిలేసేది మరొకరి ఆకలి తీరుస్తుంది, వారి మెలకువ మనకి నిద్రనిస్తుంది, తోటి ప్రాణిని తరిమేసినవాడు తన కాపలాని తానే పోగొట్టుకుంటాడు.