మూల దొరకని ఇల్లు

ఒకప్పుడు గాలికి వంకర దారి తెలీదు. సముద్రం మీద బయల్దేరిందంటే విడిచిన బాణంలా తిన్నగా వచ్చేది. ఎదురుగా ఏముంటే దాన్ని గుద్దుకుంటూ తిన్నగా పోయేది.

ఒడ్డున ఇసకదిబ్బ మీద చేపలు పట్టేవాళ్ళ పల్లె ఒకటుండేది. అక్కడ ఇళ్ళన్నిటికీ నాలుగు గోడలు, నాలుగు మూలలు. గాలికి ఆ ఇళ్ళంటే భలే సరదా. గోడని ఒక్క గుద్దు గుద్దేది. మూల పట్టుకుని కప్పు లేపేసేది. "హొహ్హో! ఇంకోటి!" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయేది.

ఆ పల్లెలో అసిరమ్మ అని ఒకావిడ. మట్టి తొక్కి, ముద్ద మీద ముద్ద వేసి గోడ లేపడంలో ఎవరైనా ఆవిడ తర్వాతే. అలాంటిది, ఆవిడ సొంత ఇల్లే నాలుగేళ్ళలో నాలుగుసార్లు కూలింది. నాలుగోసారి కూలేనాటికి కూతురు నీలాలు ఎనిమిదో నెల గర్భిణి.

ఊరిపెద్ద సూరన్న అందర్నీ పిలిచాడు. "ఇంక చాలు. కొండ మీదకి పోదాం."

"కొండ మీద చేపలుంటాయేటి మావా?" అంది అసిరమ్మ.

"ఉండవు. పిల్లల మీద గోడలూ పడవు."

ఆ మాట విని అసిరమ్మ లేచి ఒడ్డు వెంట నడిచింది. పడవలు విరిగి ఉన్నాయి. తాళ్ళు పడి ఉన్నాయి. ఒక బండరాతి మీద మాత్రం చిన్న నత్త ఒకటి తాపీగా పాకుతోంది.

"నీ ఇల్లు కూలలేదేటే?" అని అడిగింది అసిరమ్మ.

"గాలి వచ్చింది. పట్టుకోడానికి మూల వెతికింది," అంది నత్త. "నా ఇంటికి మూలెక్కడుంది? జారిపోయింది."

అసిరమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని అటు తిప్పింది, ఇటు తిప్పింది. గుల్ల మీద వేలితో రాసి చూసింది. వేలు ఎక్కడా ఆగలేదు. దాన్ని మళ్ళీ బండ మీద పెట్టి, కూలిన ఇంటి దగ్గరకి పరిగెత్తింది.

ఇసకలో కర్ర పాతింది. దానికి తాడు కట్టి, చుట్టూ తిరిగి గీత గీసింది. ఆ గీత మీదే గుండ్రంగా గోడ లేపింది. పైన తాటాకు కప్పు. చూర్లు ఎంత కిందకి దించిందంటే, కోడిపెట్ట కూడా వంగి దూరాలి.

"అదేటే, కుండ బోర్లించినట్టు!" అని ఆడాళ్ళు నవ్వారు.

"ఇంట్లోకి తలొంచుకుని దూరడమేటి? నేను రాను," అన్నాడు సూరన్న.

"తలొంచితే పోయేదేం లేదు మావా. కప్పు లేస్తేనే ప్రాణం పోతాది," అంది అసిరమ్మ.

సరిగ్గా నెలకి, ఊరు కొండకి కదలకముందే, ఓ పట్టపగలు సముద్రం నల్లబడింది. నీలాలుకి నొప్పులు మొదలయ్యాయి. గాలి బయల్దేరింది. ముందు సూరన్న ఇంటి కప్పు ఎగిరింది. తర్వాత పక్కిల్లు, దాని పక్కిల్లు. ఊరంతా పిల్లల్ని చంకనేసుకుని, వానలో బురద తొక్కుకుంటూ అసిరమ్మ ఇంటికి పరిగెత్తింది. అందరికన్నా ముందు తలొంచి దూరింది సూరన్నే!

గాలి వచ్చి చూసింది. "ఈ పుట్టగొడుగు ఎవరిదే?" అని నవ్వి, ఒక్క గుద్దు గుద్దింది.

జారిపోయింది.

"మూలేదీ?" అని పక్కకి తిరిగింది. గోడ కూడా దానితో పాటే తిరిగింది. ఇంకొంచెం వెళ్ళింది. మూల లేదు. కప్పు లేపుదామంటే చూర్ల కింద వేలు దూరలేదు. గాలికి ఒళ్ళు మండింది. ఇంకా జోరుగా తిరిగింది. ఒక చుట్టు, పది చుట్లు, నూరు చుట్లు!

"అసిరమ్మా! మూలెక్కడ దాచావే?"

"వెతుక్కో!" లోపల్నించి అరిచింది అసిరమ్మ. "నాకు ఇక్కడ పనుంది!"

అప్పుడే లోపల కేర్‌మని ఏడుపు వినిపించింది. ఆడపిల్ల! ఊరంతా ఒక్కసారి చప్పట్లు కొట్టింది. ఆ సందడికి గాలి బెదిరింది. తల తిరిగి, కాళ్ళు తడబడి, గిరగిరా తిరుగుతూనే సముద్రంలోకి పారిపోయింది.

బయటికి వచ్చి చూస్తే కప్పు మీద రెండే రెండు ఆకులు లేచాయి. సూరన్న గోడ తట్టి చూశాడు. ఒళ్ళంతా బురదతోనే అసిరమ్మకి దండం పెట్టాడు. "కొండా వద్దు, గిండా వద్దు. నాకూ ఇలాంటిల్లే కట్టు తల్లీ!"

వానలు వెలిసేలోగా దిబ్బ మీద నలభై గుండ్రటి ఇళ్ళు లేచాయి. పడవలు మళ్ళీ నీళ్ళలోకి దిగాయి.

గాలికి మాత్రం ఎంత ప్రయత్నించినా పాత నడక రాలేదు. తిన్నగా బయల్దేరుతుంది, నాలుగడుగులు వేసేసరికి తిరగడం మొదలెడుతుంది.

అప్పటినుంచే తుఫాను గాలి సుడులు తిరుగుతూ వస్తుంది. ఎంత పెద్ద తుఫానైనా సరే, ఆ సుడి నడిమధ్యన మాత్రం, ఇంకా అసిరమ్మ ఇల్లు అక్కడే ఉన్నట్టు, ఆకు కూడా కదలదు.